చేతికివ్వని ఉప్పు

అమ్మ పోయాక మా ఇంట్లో ఉప్పు చేతికిచ్చుకోవడం మొదలైంది. అది ఏ రోజు మొదలైందో నేను గమనించలేదు. కర్మలు అయిపోయి, వచ్చినవాళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయి, మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో మా వీధి ఎప్పటిలాగే తెల్లారేసరికి కార్లన్నీ వెళ్ళిపోయి ఖాళీ అవుతున్న రోజులవి. ఒక సాయంత్రం భోజనం దగ్గర మా అమ్మాయి మేఘన "అమ్మా, సాల్ట్" అని చెయ్యి చాచింది. నేను అందించాను. వేసుకుని మళ్ళీ నా చేతికే ఇచ్చింది, పుచ్చుకున్నాను. ఇంకో రెండు ముద్దలు తిన్నాక గానీ ఏం చేశామో నాకు తట్టలేదు. తట్టినా ఏమీ అనిపించలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ బల్ల దగ్గర ఉప్పు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళి ఎరగదు. "కింద పెట్టమ్మా, కింద పెట్టు. చేతికిస్తే పోట్లాడుకుంటారు" అనేది అమ్మ. "వి ఫైట్ ఎనీవే, అమ్మమ్మా" అనేది మేఘన. అయినా పెట్టేది. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది బ్యాటరీతో నడిచే ఉప్పు మర; బొత్తాం నొక్కితే గర్రుమంటుంది. దాన్ని చూసి "ఉప్పుకి కూడా కరెంటేనా తల్లీ!" అని అమ్మ నవ్విన నవ్వు నాకు గుర్తుంది. గుర్తుండటం వరకే. గుర్తొచ్చిన చోట ఏదో కదలాలి కదా, అది కదలడం లేదు.

నేను ఏడవలేదు. ఆస్పత్రిలో ఏడవలేదు, బూడిద తెచ్చుకున్నప్పుడూ ఏడవలేదు. అందరూ "గుండె నిబ్బరం గల మనిషి" అన్నారు. నిబ్బరం కాదు. పళ్ళ డాక్టరు మత్తు సూది వేశాక బుగ్గ మీద వేలు పెట్టుకుంటే అది ఎవరిదో బుగ్గలా ఉంటుంది చూడండి, అలా ఉంది. పొద్దున్నే స్నానం చేసి దీపం పెడతాను, ఆనాటి అన్నానికి, ఆనాటి వెలుగుకి దణ్ణం పెట్టుకుంటాను. ఆ అలవాటు అమ్మ వేసింది, దాన్ని మానలేదు. లోపల ఏమీ పలక్కపోయినా చేతులు జోడించడానికి అభ్యంతరం ఏముంది? చేతులున్నందుకు దణ్ణం పెట్టుకోవచ్చు. కానీ ఒక భయం మాత్రం ఉండేది. అమ్మ పోయింది సరే, నాలో ఉన్న అమ్మ కూడా పోయిందేమో అని. చేతికిచ్చిన ఉప్పు పుచ్చుకున్న రోజు నుంచీ ఆ భయం నన్ను వదల్లేదు.

అలాంటి రోజుల్లో ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న డార్విన్ నుంచి షారన్ ఫోన్ చేసింది. షారన్ నా చిన్ననాటి స్నేహితురాలు, ఒకే స్కూల్లో చదువుకున్నాం. ఇప్పుడు తనకి మనవలు. ఆ గొంతు మాత్రం అలాగే ఉంది, గరుగ్గా, ఎవరితోనో దెబ్బలాటకి సిద్ధంగా.

"మన స్కూలు బిల్డింగు పడగొడుతున్నార్రా తల్లీ. కార్ పార్కింగ్‌ట. ఆఖరి శుక్రవారం మీటింగు పెడుతున్నాం. నువ్వొస్తున్నావు. అడగటం లేదు, చెప్తున్నాను."

అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు, పండగలకీ పేరంటాలకీ వెళ్ళకూడదు అన్నాను. "ఇది పండగ కాదు, అంత్యక్రియలు. అంత్యక్రియలకి వెళ్ళొచ్చుగా?" అంది. మేఘన ఆ పక్కనే ఉండి అంతా విని, నేను ఫోన్ పెట్టేసేలోపు ఇద్దరికీ టికెట్లు బుక్ చేసేసింది. "ఐ వాంట్ టు సీ ఇట్, అమ్మా. అమ్మమ్మ ఆల్వేస్ టాక్డ్ అబౌట్ దట్ స్కూల్" అంది. అమ్మ ఆ స్కూలు గురించి మనవరాలితో మాట్లాడేదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ స్కూలు దాకా నేను ఎలా వచ్చానో చెప్పాలంటే ముందు మా వంటింటి గురించి చెప్పాలి, ఎందుకంటే నా మొదటి బడి అదే. నాన్న డాక్టరు. బాపట్ల దగ్గర మా ఊరు. ఈ దేశం వచ్చాక ఆయన్ని నార్తర్న్ టెరిటరీ లోపలి ఊళ్ళలో చిన్న చిన్న ఆస్పత్రులకు వేస్తుండేవారు. ఎర్రమట్టి, రేకు కప్పులు, ఒక పెట్రోలు బంకు, అంతే ఊరంటే. ఒకచోట సామాను సర్దుకునేలోపు ఇంకోచోటికి. అందుకని అమ్మే నాకు చదువు చెప్పింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పీట మీద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పాలి. బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతూ కూడికలు, పూరీలు నాలుగు ముక్కలు చేసి భిన్నాలు. ఇంగువ వాసన వస్తే నాకు ఇప్పటికీ పదమూడో ఎక్కం గుర్తొస్తుంది. సాయంత్రం నాన్న వచ్చి, చొక్కా విప్పి కుర్చీ వీపుకి తగిలించి, ఇంగ్లీషూ సైన్సూ చెప్పేవారు. ఆ చొక్కాకి డెట్టాల్ వాసన. మధ్యలో రోగులు పిలిస్తే లేచి వెళ్ళేవారు, అమ్మ మిగతా పాఠం తనకి తోచినట్టు చెప్పేది. గుండెకి నాలుగు గదులని నాన్న చెప్పి వెళ్తే, ఆ గదుల్లో ఎవరెవరు ఉంటారో అమ్మ చెప్పేది. ఒక గదిలో దేవుడు, ఒక గదిలో అమ్మా నాన్నా, ఒక గదిలో మనకి అన్నం పెట్టినవాళ్ళు. నాలుగోది ఖాళీగా ఉంచాలిట. "ఎవరొస్తారో ఏమో, మనకేం తెలుసు" అనేది.

నాన్నకి డార్విన్ పెద్దాస్పత్రికి మార్పు అయ్యాక నన్ను అందరిలాగే ఒక మామూలు స్కూల్లో వేశారు. అక్కడ నేను నిలవలేదు. కారణం చదువు కాదు, గంట. నేను తినడం ఆలస్యం. చిన్నప్పటి నుంచీ అంతే, ముద్ద ముద్దకీ ఎక్కడికో వెళ్ళి వస్తానని అమ్మ ఎగతాళి చేసేది. ఆ స్కూల్లో భోజనానికి ఇచ్చేది కాస్త టైము. నేను క్యారేజీ విప్పి, చేతులు కడుక్కొచ్చి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టేసరికి గంట కొట్టేవారు. డ్యూటీలో ఉన్న టీచరు లేవమనేవాడు, మిగిలింది చెత్తబుట్టలో వెయ్యమనేవాడు. మొదటి రోజే పెరుగన్నం అలా పారేసి ఇంటికొచ్చి చెప్పాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆ వారం చివర్న అమ్మ నా యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి బీరువా అడుగున పెట్టేసింది. "అన్నం ముందునుంచి లేపే చదువు మనకొద్దు" అంది. నాన్న ఎంత చెప్పినా వినలేదు. "కుక్కనైనా తింటుంటే లేపరు" అంది. నేను మళ్ళీ పీట మీదికి వచ్చేశాను. పీట మీద కూర్చునే వయసు దాటిపోయింది, మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. పెద్ద పరీక్షలు ఇంట్లో రాయలేం. నాన్న కుర్చీలో కూర్చుని తల పట్టుకునేవారు.

గంట లేని స్కూలు ఒకటుందని నాన్నకి చెప్పింది హెలెన్. కాలికి దెబ్బ తగిలి ఆస్పత్రికి వచ్చి, కట్టు కట్టించుకుంటూ మాటల్లో చెప్పిందిట. ఆవిడ ఊరి చివర కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆ కాలేజీ ఆవరణలోనే వెనకవైపు, వెల్డింగు నేర్పే షెడ్డు పక్కన, వాడకుండా పడున్న పొడుగు బిల్డింగు ఒకటి ఉండేది. కాలేజీలో పనిచేసే కొందరు, తమ పిల్లలు మామూలు స్కూళ్ళలో ఇమడక ఇంట్లో కూర్చుంటుంటే చూడలేక, ఆ గదులు అడిగి తీసుకుని ఒక హైస్కూలు పెట్టారు. ఇప్పుడు దాన్ని ప్రత్యామ్నాయ విద్య అని గౌరవంగా అంటారు గానీ, అప్పుడు కాలేజీ విద్యార్థులు దాన్ని జూ అనేవారు. వేరే స్కూళ్ళు పంపించేసిన వాళ్ళు, శరణార్థులుగా పడవల మీద వచ్చి ఇంగ్లీషు రానివాళ్ళు, కడుపుతో ఉన్న అమ్మాయి ఒకర్తె, చేపల పడవలో సగం ఏడాది గడిపేవాళ్ళు, అందరూ అక్కడే. యూనిఫాం లేదు. టీచర్లని పేరు పెట్టి పిలవాలి. కాలేజీ లైబ్రరీ మాదే, లాబ్ ఖాళీగా ఉంటే అదీ మాదే. ఎవరికైనా జీవశాస్త్రం మీద ఇష్టం ఉంటే కాలేజీ క్లాసులోకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చోవచ్చు. మధ్యాహ్నం అందరూ కలిసి వండుకుని, నేల మీద చాపలేసుకుని తింటారు. అది ఎప్పుడయితే అప్పుడు అయినట్టు. నాన్న ఇవన్నీ చెప్తుంటే అమ్మ కూర తరుగుతూ వింది.

"గంట కొట్టరా?"

"కొట్టరు."

"నేల మీద కూర్చుంటారా?"

"కూర్చుంటారట."

"సరే, చూద్దాం" అంది.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు రెండు వారాలు ఉండి చూడాలి. ఆ తర్వాత శుక్రవారం మీటింగుకి ఇంట్లోవాళ్ళని తీసుకురావాలి. ఆ మీటింగులో టీచరుకీ పిల్లలకీ తేడా లేదు, అందరూ సమానం, ఏ ఒక్కరు వద్దన్నా వద్దన్నట్టే. ఇంటినుంచి వచ్చినవాళ్ళు ఆ స్కూలుకి చెప్పదలుచుకున్నది ఒక్క మాట చెప్పాలి. పేరెంట్సు మనసులో ఇష్టం లేకుండా పిల్లల్ని చేర్చుకోకూడదని హెలెన్ పట్టు. అప్పటిదాకా కొత్తవాళ్ళని ఆ మీటింగులోకి రానివ్వరు, లైబ్రరీలో కూర్చోమంటారు. అందుకని లోపల ఏం జరుగుతుందో నాకు తెలీదు.

ఆ రెండు వారాల్లో ఒక్క రోజు కూడా నేను నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడలేదు. కానీ అన్నం మొత్తం తిన్నాను. అందరూ లేచి గిన్నెలు కడుక్కుని వెళ్ళిపోయాక కూడా చాప మీద నేనొక్కదాన్నే మెల్లిగా తింటుంటే, కిటికీ రెక్కల సందుల్లోంచి దేవగన్నేరు పూల వాసన వచ్చేది, వెల్డింగు షెడ్డులోంచి కాలిన ఇనుము వాసన వచ్చేది, పైకప్పు మీద బల్లులు కిచకిచమనేవి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకరోజు షారన్ నా పక్కనొచ్చి కూర్చుని, సిగరెట్టు వాసనతో, "నువ్వు తినేది చూస్తుంటే నాకు నిద్రొస్తోంది, బాగుంది" అని అక్కడే గోడకి ఆనుకుని నిద్రపోయింది. ఆ స్కూలు నాకు దక్కాలని నేను దేవుణ్ణి అడిగాను. అంతకుముందు ఎప్పుడూ నా కోసం ఏదీ అడగలేదు. అడగకూడదని, ఇచ్చినదానికి దణ్ణం పెట్టుకోవడమే భక్తి అని అమ్మ చెప్పింది. అయినా అడిగాను.

ఆ శుక్రవారం నాన్నకి ఆపరేషన్లు. అమ్మ ఒక్కతే వచ్చింది, నీలం నేత చీర కట్టుకుని, పులిహోర క్యారేజీతో. అందరూ గుండ్రంగా కూర్చుని ఉన్నారు. "ఫర్వాలేదు, నేల మీద కూర్చోవడం వచ్చు వీళ్ళకి" అని నా చెవిలో అంది. హెలెన్ నమస్కారం పెట్టింది, అమ్మ పెట్టింది. అప్పుడు నీలం మూత ఉన్న ఒక రేకు డబ్బా బయటికొచ్చింది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. స్కూలు మొదలైన రోజుల్లో భోజనాల దగ్గరే మీటింగులు జరిగేవిట, అందరూ ఒక్కసారే అరుస్తుంటే ఎవరో చేతికందిన డబ్బా పైకెత్తి, ఇది పట్టుకున్నవాళ్ళే మాట్లాడండి అన్నారుట. అప్పటినుంచీ అదే. ఆ డబ్బా ఉప్పు డబ్బా.

డబ్బా చేతులు మారుతూ వచ్చింది. ఒక్కొక్కరూ నా గురించి ఒక్కో మాట అన్నారు. మాట్లాడదు గానీ మంచిది. గిన్నెలు బాగా తోముతుంది. షారన్ "నాకు ఓకే" అని, లేచి వచ్చి, అమ్మ ముందు వంగి డబ్బా చాచింది. మూత సరిగ్గా పట్టలేదు, దాని వేళ్ళ మీద ఉప్పురవ్వలు ఉన్నాయి. అమ్మ వాటిని చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

షారన్ ఇంకొంచెం ముందుకి చాచింది. అమ్మ తల అడ్డంగా ఊపింది.

డబ్బా పుచ్చుకోకపోతే ఇష్టం లేదని అర్థం. అది అక్కడి పద్ధతి. హెలెన్ మొహం చిన్నబోయింది. "ఫరవాలేదు. బలవంతం ఏమీ లేదు. ఆవిడకి మనం నచ్చలేదేమో" అంది మెల్లిగా. షారన్ భుజాలెగరేసి, "ఎవరికి నచ్చాం గనక" అని వెనక్కి తిరిగింది.

అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది. ఆ స్కూల్లో నేను గట్టిగా మాట్లాడిన మొదటి మాట అదే. "కింద పెట్టు!" అన్నాను ఇంగ్లీషులో. అందరూ నా వైపు చూశారు. "అది ఉప్పు. చేతికిస్తే ఆవిడ తీసుకోదు. తీసుకుంటే మీరు పోట్లాడుకుంటారు."

"ఎవరు పోట్లాడుకుంటారు?" అంది షారన్.

"నువ్వూ మా అమ్మా."

"నేను అందరితోనూ పోట్లాడతాను. ఇంకొకరు ఎక్కువవుతారా?" అంది షారన్. అందరూ ఘొల్లున నవ్వారు. అమ్మ నవ్వలేదు. చాప వైపు వేలు చూపించి, "పెట్టమ్మా, నీతో నాకు పోట్లాట ఎందుకు?" అంది తెలుగులో, అది తనకి అర్థమవుతుందన్నట్టే. షారన్ ఏమనుకుందో, వంగి డబ్బా చాప మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ కాసేపు ఆగింది. కొంగు సర్దుకుంది. తర్వాత డబ్బా తీసుకుని, మూత గట్టిగా బిగించి, ఒళ్ళో పెట్టుకుని అంది:

"మా పిల్ల మెల్లిగా తింటుంది. మధ్యలో లేపకండి."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. హెలెన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "లేపం" అంది. అలా నేను ఆ స్కూల్లో చేరాను.

ఆ తర్వాత శుక్రవారం వంటింటి వంతు గురించి షారన్‌కీ ఇంకొకరికీ పెద్ద రభస. డబ్బా లాక్కుని లాక్కుని అరుచుకుంటున్నారు. మధ్యలో షారన్ ఆగి, వెక్కిరింతగా, "ఉండు, డాక్టరు భార్య చూస్తే తిడుతుంది" అని డబ్బా టక్కున చాప మీద పెట్టింది. అవతలవాడు తీసుకోబోయి, ఎందుకో ఆగాడు. ఆ ఆగిన కాస్తలో ఇద్దరికీ చెప్పదలుచుకున్నది మరిచిపోయినట్టయింది. మళ్ళీ అందరూ నవ్వారు. అప్పటినుంచీ డబ్బా చేతికివ్వడం ఆగిపోయింది. కింద పెట్టాలి, చెయ్యి వెనక్కి తీసుకోవాలి, అవతలివాళ్ళు కాసేపు ఆగి తీసుకోవాలి. హెలెన్ దాన్ని నియమం చేసింది. ఇంటికొచ్చి చెప్తే అమ్మకి అందులో వింత ఏమీ కనిపించలేదు. "మరి? ఉప్పు కదా" అంది. ఆవిడకి వింతగా తోచింది వేరే. "పిల్లల్ని అడిగి స్కూలు నడుపుతారుటండీ" అని నాన్నతో అనేది. "ఇంకా నయం. ఆవకాయలో ఉప్పెంత వెయ్యాలో రేపు దీన్ని అడగమంటారు." అంటూనే శుక్రవారం శుక్రవారం పులిహోర పంపేది.

నేను ఆ స్కూల్లోంచి పరీక్షలు రాసి, కాలేజీకి ఆ ఆవరణలోనే అటు ముందువైపుకి వెళ్ళి, తర్వాత పెళ్ళై మెల్‌బోర్న్ వచ్చేశాను. స్కూలు మాత్రం అక్కడే ఉంది. కాలేజీ యూనివర్సిటీ అయింది. ప్రతి కొత్త అధికారీ ఆ గదులు ఖాళీ చెయ్యమనేవాడు, ప్రతిసారీ ఎవరో అడ్డం పడేవారు. పేరు మారింది, బోర్డు మారింది. హెలెన్ రిటైరై, దక్షిణానికి వెళ్ళిపోయి, అక్కడే పోయింది. ఇప్పుడు అలాంటి పిల్లలకి ఆన్‌లైన్‌లో చదువు, వారానికోసారి ఊళ్ళో షాపింగ్ సెంటరు పైన ఒక గదిలో కలుస్తారుట. గదులు బాగుంటాయిట, ఏసీ ఉంటుందిట. నేను దాన్ని తప్పు పట్టను. మా ఇంట్లో మాత్రం ఏముంది? మా ఆయన రైల్లో తింటారు, మేఘన లాప్‌టాప్ ముందు తింటుంది, నేను నిలబడి తింటాను. ఎవరి గంట వాళ్ళ జేబుల్లోనే మోగుతోంది.

డార్విన్‌లో దిగేసరికి వానలకి ముందరి ఉక్క. మబ్బు కమ్ముకుని నెత్తిమీదికి దిగి ఉంటుంది, రోజులు గడిచినా కురవదు. చొక్కాలు ఒంటికి అంటుకుపోతాయి. బిల్డింగు నేననుకున్నదానికంటే చిన్నది. ఒకవైపు కిటికీ రెక్కలు అప్పుడే ఊడబీకేశారు. దేవగన్నేరు చెట్టు లేదు. లోపల చాపలు పరిచారు, కొత్తవి. షారన్ వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని, "అమ్మగారి సంగతి విన్నాను" అని, కాసేపు నా మొహం చూసి, ఇంకేమీ అనకుండా వదిలేసింది. అందుకు దానికి రుణపడి ఉన్నాను. నేను గది చుట్టూ చూశాను. ఇక్కడ కూర్చునేదాన్ని, ఇక్కడ అమ్మ కూర్చుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరికో ఇల్లు చూపిస్తున్నట్టు ఉంది.

స్కూలు చరిత్ర మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి ముందు మాట్లాడింది. చక్కగా మాట్లాడింది, ఎంతో శ్రద్ధగా. ఈ స్కూలు ప్రపంచానికిచ్చిన గొప్ప విషయం ఒకటుంది, దాన్ని వినికిడి విరామం అంటారు, హెలెన్ ఎన్నో సిద్ధాంతాలు చదివి, మాటకీ మాటకీ మధ్య మౌనం ఉండాలని ఆలోచించి ఈ పద్ధతి రూపొందించింది అని చెప్పింది. ఇప్పుడు ఇంకా కొన్ని స్కూళ్ళు దాన్ని పాటిస్తున్నాయిట. షారన్ అటునుంచి నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. నేను తల వంచుకున్నాను. సరిదిద్దాలనిపించలేదు. అనిపించడం అనేదే లేదు కదా. హెలెన్ పేరు మీద ఉంటే మాత్రం నష్టం ఏమిటి, ఆవిడ పెట్టిన అన్నం తిన్నాను అనుకున్నాను.

తర్వాత డబ్బా వచ్చింది. అదే డబ్బా. నీలం మూత మీద రంగు చాలావరకు పోయింది. పాతవాళ్ళూ, ఇప్పటి పిల్లలూ ఒక్కొక్కరూ మాట్లాడుతున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరూ కింద పెడుతున్నారు, చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారు, ఆగుతున్నారు. ముక్కుకి పోగు పెట్టుకుని, జుట్టుకి ఆకుపచ్చ రంగు వేసుకున్న ఒక పిల్ల, పదహారేళ్ళు ఉంటాయేమో, డబ్బా చాప మీద పెట్టి, చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. ఆ తీసుకోవడం నేను ఎరుగుదును.

డబ్బా మేఘన ముందుకొచ్చింది. తను తీసుకుని, అమ్మమ్మ తనకి ఈ స్కూలు గురించి చెప్పేదని, ఎప్పుడైనా చూడాలనుకున్నానని, థాంక్స్ అని రెండు ముక్కలు అంది. డబ్బా ఊపి చూసి, నా వైపు వంగి గుసగుసగా, "ఇట్స్ ఎంప్టీ, అమ్మా. దేర్స్ నో సాల్ట్" అంది. ఎన్నాళ్ళ నుంచి ఖాళీగా ఉందో. ఖాళీ డబ్బా కాబట్టో, ఇంట్లో అలవాటైపోయిందో, చాప మీద పెట్టకుండా నాకు చాచింది. "యువర్ టర్న్."

నా చెయ్యి లేవలేదు.

చేతిని నేను ఆపలేదు. నిజం చెప్తున్నాను, నేను ఏమీ ఆలోచించలేదు. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, అవి అక్కడే ఉన్నాయి. మేఘన ఇంకొంచెం ముందుకి చాచింది. తల దానంతటదే అడ్డంగా ఊగింది. నా నోట్లోంచి వచ్చిన గొంతు విని మేఘన ఉలిక్కిపడి నా మొహంలోకి చూసింది.

"కింద పెట్టమ్మా. నీతో నాకు పోట్లాట ఎందుకు?"

మేఘన డబ్బా చాప మీద పెట్టింది. మెల్లిగా పెట్టింది, లోపల ఏదో నిండా ఉన్నట్టు. చెయ్యి వెనక్కి తీసుకుంది. పెదవులు బిగించుకుని ఉంది. అది ఏడుస్తోందని కాసేపటికి గానీ నాకు తెలీలేదు. నాకు కన్నీళ్ళు రాలేదు. బయట మబ్బు అలాగే ఉంది. కానీ బుగ్గలో సూది మందు మత్తు వదులుతున్నప్పుడు ముందుగా ఒక మూల చిన్నగా చుర్రుమంటుంది చూడండి, అలాంటిది ఏదో తెలిసింది. నొప్పే. దానికీ మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఆ డబ్బా తీసుకుని ఆ పరిశోధన అమ్మాయి చెప్పిన చరిత్రలో లేని మాట ఒకటి చెప్పాలి. బాపట్ల దగ్గరి ఊళ్ళో పుట్టిన ఒకావిడ నీలం నేత చీర కట్టుకుని ఇక్కడ ఇదే చోట కూర్చుందని, ఉప్పు చేతికి పుచ్చుకోనందని చెప్పాలి. చెప్తాను. కొంగు సర్దుకున్నాను. డబ్బా నా ముందు చాప మీద ఉంది. అందరూ ఎదురు చూస్తున్నారు. ఆ స్కూల్లో ఎప్పుడూ అంతే, నన్ను ఎవరూ తొందరపెట్టలేదు.